జాబితా ఇచ్చినవాళ్ళదే బాధ్యత

2022 ఫిబ్రవరి 26. రష్యా దండయాత్రకు అది మూడో రోజు. ఉక్రెయిన్ ఉప ప్రధాని, డిజిటల్ శాఖ మంత్రి మిఖాయిలో ఫెదొరోవ్ ట్విటర్‌లో నాలుగు ముక్కలు రాశారు. ఐటీ ఆర్మీ పెడుతున్నాం, అందరికీ పని ఉంటుంది, చేరండి అని. కింద ఒక టెలిగ్రామ్ ఛానెల్ లింకు. ఆ ఛానెల్‌లో పెట్టిన మొదటి జాబితాలో దాడి చేయాల్సిన 31 పేర్లున్నాయి. గాజ్‌ప్రోమ్, లుకోయిల్ లాంటి గ్యాస్, చమురు కంపెనీలు, స్బెర్‌బ్యాంక్, వీటీబీ లాంటి బ్యాంకులు, రష్యా రక్షణ శాఖ, అక్కడి పెన్షన్ ఫండ్. కొద్ది వారాల్లో మూడు లక్షల మంది ఆ ఛానెల్‌లో చేరారు.

రక్షణ శాఖ వెబ్‌సైటూ, ముసలివాళ్ళ పెన్షన్ లెక్కలు చూసే సైటూ ఒకే జాబితాలో ఉన్న విషయం ఆ వారం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్ళ మీద క్షిపణులు పడుతున్నప్పుడు చేతికందిన రాయి తీసి విసిరేవాళ్ళను తప్పుపట్టడం నాకు చేతకాదు. దండెత్తి వచ్చింది రష్యా. ఆ విషయంలో నాకు తటస్థత లేదు. నా అభ్యంతరమల్లా ఒక్కటే. జాబితా పంచడమంటే ఆజ్ఞ ఇవ్వడమే. సైనికుడికి ఆజ్ఞ ఇచ్చే ప్రభుత్వం దానితోపాటు ఒక యూనిఫామూ, కొన్ని నియమాలూ, చట్టం నీడా, ఇక ఆపు అని చెప్పే ఒక అధికారినీ ఇస్తుంది. టెలిగ్రామ్ వాలంటీర్‌కు వీటిలో ఒక్కటీ దక్కలేదు, లింకు తప్ప.

ముందు అసలు పని ఎలా ఉంటుందో చూద్దాం. అది తెలియకుండా చేసే వాదన గాల్లో తేలిపోతుంది.

ఈ గుంపులు చేసేదాంట్లో ఎక్కువ భాగం డీడాస్. ఒక సర్వర్‌కు వేలాది చోట్ల నుంచి ఒకేసారి అభ్యర్థనలు పంపి, నిజమైన వాడుకరికి జవాబివ్వలేనంతగా దాన్ని ముంచెత్తడం. 2022లో వాలంటీర్ల చేతికొచ్చిన ప్రోగ్రాముల్లో లిబరేటర్, డీబీ1000ఎన్ పేర్లు బాగా వినిపించాయి. రెండోది నడపడానికి నైపుణ్యమేమీ అక్కర్లేదు. దించుకుని వదిలేస్తే చాలు, ఎవరి మీద దాడి చేయాలో తనంతట తానే ఒక దూరపు ఫైల్ నుంచి తెచ్చుకుంటుంది. ఆ ఫైల్ మారితే గురి మారుతుంది. అంటే ఈ క్షణంలో తన కంప్యూటర్ ఎవరి తలుపు బాదుతోందో దాని యజమానికే తెలియకపోవచ్చు. మొదట్లో జాబితా చదివి, ఇది చేస్తాను, అది చేయను అనుకునే వీలైనా ఉండేది. ఆటోమేషన్ వచ్చాక ఆ వీలూ పోయింది.

స్క్రీన్ మీద మాత్రం ఒక అంకె పెరుగుతూ ఉంటుంది. ఇన్ని గిగాబైట్లు పంపాం అని. అది చూసి కలిగే తృప్తి నిజమే గానీ, అంకె చెప్పేది వేరే సంగతి. అది ఆ కంప్యూటర్ నుంచి బయల్దేరిన లెక్క, అవతల తగిలిన లెక్క కాదు. ఇంటి కనెక్షన్‌లో అప్‌లోడ్ వేగం దగ్గరే సగం ఆశ చచ్చిపోతుంది. దాని తర్వాత వీపీఎన్, అంటే తన అడ్రసు దాచడానికి నడుమ పెట్టుకునే సర్వర్. వందలమంది ఒకే వీపీఎన్ సర్వర్ గుండా వెళ్తుంటే ఆ సర్వరే ముందు ఉక్కిరిబిక్కిరవుతుంది. అదీ దాటితే గమ్యానికి ముందు నిలబెట్టిన వడపోత సర్వీసులు ఒకే తీరుగా వచ్చే అభ్యర్థనల్ని గుర్తుపట్టి చెత్తబుట్టలో వేస్తాయి. చివరికి అప్లికేషన్ దాకా చేరి, డేటాబేస్‌ను నిజంగా శ్రమపెట్టిన అభ్యర్థనలే లెక్కలోకి వస్తాయి. పెద్ద బ్యాంకు ముందు అవి మొత్తంలో పిసరంత.

అవతలివాళ్ళకు ఇంతకంటే చవకైన ఉపాయం కూడా ఉంది. విదేశీ ఐపీ అడ్రసులన్నిటినీ, అంటే ఇంటర్నెట్ కనెక్షన్ల నంబర్లను, గంపగుత్తగా ఆపేయడం. యుద్ధం తొలి రోజుల్లోనే రష్యా ప్రభుత్వ సైట్లు చాలావరకు ఈ పని చేశాయి. మార్చి మొదట్లో రష్యా జాతీయ కంప్యూటర్ ఘటనల సమన్వయ కేంద్రం 17,576 ఐపీ అడ్రసులున్న జాబితా విడుదల చేసింది, వీటి నుంచి దాడులు వస్తున్నాయి, అడ్డుకోండి అని. ఆ అంకెలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక కనెక్షన్. ఎవరో అద్దెకు తీసుకున్న సర్వరో, వీపీఎన్ వాడటం మరిచిపోయిన ఎవరిదో ఇంటి రౌటరో. మంచి పని చేస్తున్నానని నమ్మి కూర్చున్న మనిషి ఆనవాలు శత్రుదేశపు ప్రభుత్వ ఫైల్లో నమోదైపోతుంది. తీసేయమని అడగడానికి దిక్కు లేదు.

ఇంకో నష్టం బయటికి కనిపించదు. యుద్ధంలో ఉన్న దేశపు గూఢచారి విభాగం శత్రువు సర్వర్లలోకి నెలల తరబడి చప్పుడు చేయకుండా దారి వెతుక్కుంటూ ఉంటుంది. బయట వేలమంది తలుపులు బాదితే లోపలివాళ్ళు చేసే మొదటి పని తాళాలు మార్చడం. పాస్‌వర్డులు మారుస్తారు, బయటి దారులు మూసేస్తారు, మూలన పడున్న లాగ్‌లు (ఎవరు ఎప్పుడు వచ్చారన్న చిట్టాలు) తీసి చదువుతారు. గుంపు చేసిన గోల వల్ల సొంత పక్షం ఎన్నాళ్ళో కష్టపడి తెరుచుకున్న కిటికీ మూసుకుపోవచ్చు. ఏ సర్వర్ జోలికి వెళ్ళకూడదో గుంపుకు చెప్పలేరు, చెబితే రహస్యం బయటపడుతుంది. ఈ చిక్కుకు టెలిగ్రామ్ ఛానెల్‌లో పరిష్కారం దొరకదు.

వాలంటీర్ల ఉత్సాహం చుట్టూ దొంగలు మూగడానికి కూడా ఎక్కువ కాలం పట్టలేదు. 2022 మార్చిలోనే సిస్కో కంపెనీ భద్రతా విభాగం టాలోస్ పరిశోధకులు ఒక నకిలీ ప్రోగ్రామును పట్టుకున్నారు. లిబరేటర్ అని చెప్పి టెలిగ్రామ్‌లో తిప్పుతున్న ఆ ఫైల్ అసలు పని రష్యా మీద దాడి కాదు. దించుకున్నవాళ్ళ కంప్యూటర్లోంచే పాస్‌వర్డులూ, క్రిప్టో వాలెట్ వివరాలూ ఎత్తుకుపోవడం. పని సులువుగా సాగింది కూడా. డీడాస్ ప్రోగ్రాములను చాలా యాంటీవైరస్‌లు ఎలాగూ అనుమానిస్తాయి. కాబట్టి వాడేవాళ్ళు ముందే యాంటీవైరస్‌ను పక్కన పెట్టేస్తారు. కాపలా కుక్కను కట్టేసి తలుపు తీసి పెట్టడమే అది.

ఇక ఫలితం. ఈ గుంపులు, ఉక్రెయిన్ వైపువైనా రష్యా వైపువైనా, గెలిచామని చెప్పుకోవడానికి సాధారణంగా ఒక స్క్రీన్‌షాట్ పెడతాయి. చెక్-హోస్ట్ అనే సైట్‌లోది. వరసగా దేశాల పేర్లు, వాటి ఎదురుగా ఎర్ర అక్షరాల్లో కనెక్షన్ కుదరలేదన్న మాట. దాన్ని కొంచెం నెమ్మదిగా చదవాలి. ఆ పరీక్ష వివిధ దేశాల్లో ఉన్న సర్వర్ల నుంచి జరుగుతుంది. అవతలి సైట్ విదేశీ అడ్రసుల్ని ఆపేసి ఉంటే వరసంతా ఎర్రబడుతుంది, స్వదేశంలో కూర్చున్నవాడికి మాత్రం అదే సైట్ చక్కగా తెరుచుకుంటూ ఉంటుంది. పైగా అది ఒక్క నిమిషపు చిత్రం. పది నిమిషాల తర్వాతి స్క్రీన్‌షాట్ ఎవరూ పెట్టరు. పడిందా లేదా అన్నది తేల్చాలంటే ఆ దేశం లోపలి కనెక్షన్ నుంచి, హోమ్ పేజీ కాకుండా లాగిన్, చెల్లింపు లాంటి పని చేసే పేజీని, గంటల తరబడి వరసగా చూడాలి. వార్తలు రాసేవాళ్ళు ఈ మాత్రం చేయకుండా స్క్రీన్‌షాట్‌ను శీర్షికగా మార్చేయడం నాకు బాధ కలిగించే విషయం. ఆ శీర్షికే గుంపుకు కావలసిన జీతం.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లక్షల సంఖ్యలో వెబ్ పేజీల విరూపణలనూ (పేజీలోకి దూరి సొంత రాతలు పెట్టడం), డీడాస్ దాడుల రికార్డులనూ లెక్కగట్టి చూశారు. దిగువ స్థాయి హ్యాకర్ల ఆసక్తి యుద్ధం మొదట్లో ఒక్కసారిగా పెరిగి, కొద్ది వారాల్లోనే చల్లబడిందని తేలింది.

అయితే అన్నీ తుస్సుమన్నాయని చెబితే అబద్ధమవుతుంది. 2022 మే మొదట్లో రష్యాలో ఎగాయిస్ అనే సర్కారు పోర్టల్ కొట్టుకుపోయింది. మద్యం తయారీదారు నుంచి దుకాణం దాకా ప్రతి సరుకు కదలికనూ అందులో నమోదు చేయడం అక్కడ చట్టరీత్యా తప్పనిసరి. పోర్టల్ పడితే లారీ కదలదు. అదే ఏడు జూన్ 17న సెయింట్ పీటర్స్‌బర్గ్ ఆర్థిక సదస్సులో పుతిన్ ప్రసంగం గంటకు పైగా ఆలస్యమైంది. సదస్సు ప్రవేశ పాసుల వ్యవస్థ మీద డీడాస్ జరిగిందని క్రెమ్లిన్ ప్రతినిధే ఒప్పుకున్నారు. 2023 సెప్టెంబర్ చివర్లో రష్యా విమానయాన సంస్థలు వాడే లియొనార్దో అనే బుకింగ్ వ్యవస్థ మీద దాడితో విమానాలు ఆలస్యమయ్యాయి.

ఈ మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. మూడూ పక్కదారి లేని ఇరుకు సందులు. ఒక పోర్టల్, ఒక పాసుల యంత్రాంగం, ఒక బుకింగ్ వ్యవస్థ. అది పడితే చేత్తో రాసుకుని పని గడుపుకునే దారి కూడా సిద్ధంగా లేదు. అంటే గెలిపించింది గుంపు సంఖ్య అనుకోవడం పొరపాటు. ఆ సందును వెతికి, ఏ రోజు, ఏ గంటకో చూసి చెప్పిన కొద్దిమంది తెలివి గెలిపించింది. ఐటీ ఆర్మీ వెనక అలాంటి చిన్న జట్టు వేరుగా ఉందనీ, అందులో ఉక్రెయిన్ రక్షణ, గూఢచారి విభాగాలవాళ్ళు ఉండే అవకాశం ఎక్కువనీ జూరిక్‌లోని ఈటీహెచ్ భద్రతా అధ్యయన కేంద్రం నివేదిక 2022లోనే వాదించింది. అదే నిజమైతే నా వాదన ఇంకా బలపడుతుంది. ఎవరిని కొట్టాలో నిర్ణయించింది ప్రభుత్వానికి దగ్గరివాళ్ళు, చేయి కాల్చుకునేది ఎక్కడో ఉన్న విద్యార్థి.

చట్టం ఆ విద్యార్థిని ఎలా చూస్తుంది? యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్, 51వ అధికరణ, మూడో పేరా ప్రకారం పౌరుడికి దాడి నుంచి రక్షణ ఉంటుంది, అతను యుద్ధంలో నేరుగా పాల్గొనని కాలమంతా. నేరుగా అంటే ఏమిటో రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ 2009లో మూడు కొలతలు చెప్పింది: జరిగే హాని తగినంత తీవ్రంగా ఉండాలి, ఆ పనికీ హానికీ నేరుగా లంకె ఉండాలి, ఆ పని ఒక పక్షానికి మేలుగా రెండో పక్షానికి కీడుగా చేసినదై ఉండాలి. ఇప్పుడు వాలంటీర్ పరిస్థితి చూడండి. అతను ఒక బ్యాంకు సైట్‌ను అరగంట పడగొడితే అది చాలావరకు ఈ కొలతలకు అందదు. అప్పుడది యుద్ధ చర్య కాకుండా అతనున్న దేశపు చట్టంలో మామూలు కంప్యూటర్ నేరమవుతుంది. పోనీ సైన్యం రవాణాను నిజంగా దెబ్బతీశాడనుకుందాం. అప్పుడు కొలతలకు అందుతుంది, పౌరుడిగా ఉన్న రక్షణ ఆ మేరకు పోతుంది. సైనికుడికుండే మినహాయింపు మాత్రం అతనికి రాదు. పని పారకపోతే నేరస్థుడు, పారితే గురి. పిలిచిన ప్రభుత్వం ఈ రెండు వాక్యాలు పిలుపు కింద రాయలేదు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2007 ఏప్రిల్‌లో సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని తరలించినందుకు ఎస్తోనియా మీద వారాల తరబడి డీడాస్ జరిగింది. ఎన్నో దేశాల నుంచి వచ్చిన ఆ దాడిలో శిక్ష పడింది ఒకే ఒక్కడికి, ఎస్తోనియాలోనే ఉన్న 20 ఏళ్ళ విద్యార్థికి. అప్పటి ఎస్తోనియా కరెన్సీలో 17,500 క్రూన్ల జరిమానా. వెనకుండి జాబితాలు రాసి పంచినవాళ్ళెవరూ కోర్టు మెట్లెక్కలేదు. 2025 జూలైలో ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ నడిపిన ఈస్ట్‌వుడ్ ఆపరేషన్‌లో రష్యా అనుకూల గుంపు నోనేమ్057(16)కు చెందిన వందకు పైగా సర్వర్లను పనిచేయకుండా చేశారు. ఆ గుంపు తన డీడాసియా ప్రోగ్రాము నడిపేవాళ్ళకు క్రిప్టోలో డబ్బులిచ్చేది, ఆటలా పాయింట్ల పట్టికలు పెట్టేది. వెయ్యిమందికి పైగా మద్దతుదారులకు పోలీసులు టెలిగ్రామ్‌లోనే కబురు పంపారు, మీరు చేసింది నేరం, మీకు బాధ్యత ఉంది అని. పిలుపు వచ్చిన ఫోన్‌కే ఆ కబురూ వచ్చింది.

2023 అక్టోబర్‌లో రెడ్‌క్రాస్ నిపుణులు ఇద్దరు పౌర హ్యాకర్ల కోసం 8 నియమాలు రాశారు. పౌర ఆస్తుల మీద దాడి వద్దు, తనంతట తాను వ్యాపించే మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము) వద్దు, ఆస్పత్రుల జోలికి వెళ్ళొద్దు, నీళ్ళలాంటి బతుకుదెరువు వ్యవస్థలను తాకొద్దు అంటూ. ఎనిమిదోది అన్నిటికంటే కష్టమైనది: శత్రువు పాటించకపోయినా నువ్వు పాటించు. దాని పక్కనే ప్రభుత్వాలకు నాలుగు బాధ్యతలూ రాశారు. వాటి గురించి ఎవరూ అంతగా మాట్లాడలేదు. పౌర హ్యాకర్లు ఒక ప్రభుత్వం సూచన, దిశానిర్దేశం, అదుపు మీద పనిచేస్తే వాళ్ళ ఉల్లంఘనలకు ఆ ప్రభుత్వమే జవాబుదారీ అన్నది మొదటిది. మంత్రి ఖాతా నుంచి వచ్చిన పిలుపు, దాని వెంట వచ్చిన 31 పేర్ల జాబితా సూచన కాకపోతే మరేమిటి?

నియమాలు లేకపోతే ఏమవుతుందో చూపడానికి ఒక చిన్న ఉదాహరణ చాలు. 2022 మార్చిలో నోడ్-ఐపీసీ అనే, ఎవరైనా తీసి వాడుకోగల ఓపెన్ సోర్స్ ప్యాకేజీని నిర్వహించే ప్రోగ్రామర్ యుద్ధానికి నిరసనగా అందులో కొన్ని పంక్తులు చేర్చాడు. ఐపీ అడ్రసు రష్యాదో బెలారస్‌దో అని తేలితే ఆ కంప్యూటర్లోని ఫైళ్ళను తుడిచేసి హృదయం గుర్తుతో నింపే కోడ్ అది. ఆ ప్యాకేజీ మీద ఆధారపడిన ఇతర ప్యాకేజీలెన్నో. ఎవరు ఎక్కడ ఇన్‌స్టాల్ చేస్తారో రాసినవాడికి తెలిసే వీలే లేదు. ఐపీ అడ్రసు దేశాన్ని ఉజ్జాయింపుగా చెబుతుంది, ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నది సైనికుడో, అదే యుద్ధాన్ని వ్యతిరేకిస్తున్న సంస్థ ఉద్యోగో చెప్పదు. కోడ్‌ను త్వరగానే తొలగించారు. ఓపెన్ సోర్స్ నిలబడ్డది అప్‌డేట్ వస్తే నమ్మి తీసుకోవచ్చన్న భరోసా మీద. దానికి పడ్డ పగులు మాత్రం అంత తేలిగ్గా పూడలేదు.

గుంపు వల్ల అన్నిటికంటే పెద్ద ప్రమాదం, అది అసలైన సైన్యానికి ముసుగవడం. 2023 డిసెంబర్ 12న ఉక్రెయిన్‌లో అతిపెద్ద మొబైల్ సంస్థ కీవ్‌స్టార్ కుప్పకూలింది. సుమారు 2.4 కోట్ల మంది చందాదారుల ఫోన్లు మూగబోయాయి. కొన్నిచోట్ల వైమానిక దాడి హెచ్చరికలకూ ఆటంకం కలిగింది. మేమే చేశామని చెప్పుకున్నది సోల్న్‌త్సెప్యోక్ అనే పేరు, చూడటానికి ఆశయం పేరుతో హ్యాకింగ్ చేసే మరో హ్యాక్టివిస్టు గుంపు. ఉక్రెయిన్ భద్రతా సంస్థ మాత్రం దీని వెనకున్నది రష్యా సైనిక గూఢచారి విభాగపు హ్యాకర్ల జట్టు శాండ్‌వర్మ్ అనీ, వాళ్ళు కనీసం మే నెల నుంచే లోపల ఉన్నారనీ చెప్పింది. నెలల తరబడి లోపల కూర్చుని వేల సర్వర్లను ఒక్క ఉదుటున తుడిచేయడం సెలవు రోజు ఉత్సాహంతో అయ్యే పని కాదు. 2024 జనవరిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం మ్యూల్‌షూ అనే చిన్న ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు పొంగి పొర్లింది. నీటి వ్యవస్థ నియంత్రణ తెరలోకి దూరి మీటలు తిప్పుతున్న వీడియోను సైబర్ ఆర్మీ ఆఫ్ రష్యా రీబార్న్ అనే గుంపు తన ఛానెల్‌లో పెట్టింది. ఆ గుంపుకూ శాండ్‌వర్మ్‌కూ సంబంధాలున్నాయని మాండియంట్ అనే సైబర్ భద్రతా సంస్థ ఆ ఏప్రిల్‌లో రాసింది. ఎవరు వాలంటీరో, ఎవరు జీతం తీసుకునే అధికారో బయటివాడికి తెలియని స్థితి ఎవరికి లాభం? ఒప్పుకోకుండా దాడి చేయాలనుకునే ప్రభుత్వానికి. దాడికి గురైన ప్రజాస్వామ్య దేశం తన సొంత గుంపుతో అదే పొగమంచును పెంచడం తన కాళ్ళకిందే గొయ్యి తవ్వుకోవడం.

మరి చేతిలో నైపుణ్యం, గుండెలో మంట ఉన్న మనిషిని ఏం చేయమంటారు? ఎస్తోనియా దీనికి చాలాకాలం కిందటే జవాబు వెతుక్కుంది. 2007 దెబ్బ తిన్నాక 2011లో తన పౌర రక్షణ దళంలో ఒక సైబర్ విభాగం పెట్టింది. బ్యాంకుల్లో, టెలికాంలలో పనిచేసే నిపుణులు సొంత పేరుతో, నేపథ్య పరిశీలన అయ్యాక అందులో చేరతారు. పని రక్షణ. విన్యాసాల్లో పాల్గొనడం, సంక్షోభం వస్తే దెబ్బతిన్న సంస్థకు వెళ్ళి చేయి వేయడం.

రక్షణ అంటే మెత్తని పని అనుకునేవాళ్ళకు ఒక సమయం చెబుతాను. 2022 ఏప్రిల్ 8, అంతర్జాతీయ కాలమానంలో సాయంత్రం 4 గంటల 10 నిమిషాలు. ఉక్రెయిన్ విద్యుత్ సంస్థ ఒకదాని హైవోల్టేజ్ సబ్‌స్టేషన్లను ఆపేయడానికి ఇండస్ట్రోయర్2 అనే మాల్‌వేర్‌కు శాండ్‌వర్మ్ పెట్టిన ముహూర్తం అది. ఉక్రెయిన్ ప్రభుత్వ సైబర్ అత్యవసర స్పందన బృందం సర్ట్, సైబర్ భద్రతా సంస్థ ఈసెట్ పరిశోధకులు కలిసి దాన్ని అడ్డుకున్నారు. లాగ్‌లు చదివి, తేడాగా ఉన్న షెడ్యూల్డ్ టాస్క్‌ను గుర్తుపట్టి, కోడ్‌ను విప్పి చూసే ఓపిక చేసిన పని. దీనికి స్క్రీన్‌షాట్ ఉండదు. దండయాత్రకు వారం ముందు ఉక్రెయిన్ పార్లమెంటు చట్టం మార్చి ప్రభుత్వ డేటాను క్లౌడ్‌లోకి పంపే దారి తెరిచింది. ఆ తర్వాత నెలల్లో 10 పెటాబైట్లకు (కోటి గిగాబైట్లకు) పైగా డేటా ఒక్క అమెజాన్ క్లౌడ్‌లోకే చేరింది. భూమి రికార్డులు, విశ్వవిద్యాలయాల పత్రాలు, బ్యాంకు లెక్కలు. క్షిపణి డేటా సెంటర్ మీద పడినా దేశం చెరిగిపోకుండా నిలబెట్టిన పని అది. వాలంటీర్లకు పంచడానికి ఇలాంటి పనులు బోలెడు. బ్యాకప్‌ను నిజంగా తిరిగి ఎక్కించి చూడటం, జనానికి వలవేసే నకిలీ సైట్ల (ఫిషింగ్) డొమైన్లను వెతికి మూయించడం, చిన్న పురపాలక సంస్థల సర్వర్లకు లోపాలు సరిచేసే ప్యాచ్‌లు వేయడం. ఇవన్నీ చట్టం లోపలివే.

దాడి తప్పదు, ప్రజలను అందులో దింపక తప్పదు అని ఒక ప్రభుత్వం నిర్ణయించుకుంటే, అప్పుడు కొన్ని కాగితాలు ముందు పుట్టాలి. చేరినవాళ్ళ పేరు, పౌరసత్వం ఒక రిజిస్టర్‌లో ఉండాలి. విదేశాల్లో ఉన్నవాళ్ళను దాడి పనికి తీసుకోకూడదు, అక్కడి కోర్టు నుంచి వాళ్ళను కాపాడే శక్తి ఈ ప్రభుత్వానికి లేదు గనక. ప్రతి గురికీ ఇది సైనికమైనది ఎందుకో ఒక న్యాయాధికారి సంతకంతో కారణం రాసుండాలి. ఆస్పత్రులు, నీళ్ళు, పెన్షన్లు, అత్యవసర ఫోన్ల అడ్రసులను ప్రోగ్రామే నిరాకరించేలా లోపలే కట్టాలి. మనుషుల జ్ఞాపకం మీద వదలకూడదు. మొదలు, ముగింపు సమయాలు గడియారం లెక్కన ఉండాలి. పని అయ్యాక గురి ఏమైంది, పక్కన ఇంకేం పడిపోయింది అని మరో జట్టు చూసి రాయాలి. గుంపు చిన్నదైపోతుంది, నిజమే. మూడు లక్షలు మూడు వందలవుతారు. ఎగాయిస్‌ను, సదస్సు పాసులను చూశాక మూడు వందలు తక్కువని నేను అనుకోను.

ఇక ఆపడం సంగతి. కాల్పుల విరమణ కుదిరితే సైనికుడికి ఆజ్ఞ వెళ్తుంది, తుపాకీ జమ చేసి ఇంటికి పోతాడు. ఎక్కడో అద్దె సర్వర్‌లో నడుస్తున్న ప్రోగ్రాముకు ఆ కబురు చేరే దారి ఒక్కటే, అది మాటిమాటికీ వెళ్ళి చదువుకునే ఆ దూరపు ఫైల్. దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఆ మనిషి లేకపోతే తర్వాత ఎవరు, ఏ అధికారి సంతకం పడితే ఆ ఫైల్ ఖాళీ అవ్వాలి అన్నది మొదటి గురి అందులో రాయకముందే కాగితం మీద ఉండాలి. జాబితా రాసినవాళ్ళే ఆ కాగితం మీద ముందు సంతకం పెట్టాలి.